మా కొత్త ఫ్రేమ్‌వర్క్ మీదికి మీ సైట్లు ఇప్పుడే మార్చడం లేదు

కస్టమర్లందరికీ నమస్కారం. మేం సొంతంగా ఒక వెబ్ ఫ్రేమ్‌వర్క్ (సైట్లకు పునాదిగా వాడే సాఫ్ట్‌వేర్) కట్టుకుంటున్నామని తెలిసి, "మా సైటు దాని మీదికి ఎప్పుడు మారుస్తారు?" అని చాలామంది అడుగుతున్నారు. ఈ ఏడాది మార్చం.

ఇది మొదలుపెట్టిందే మందుల హోల్‌సేల్ వాళ్ల స్టాక్ లిస్టుల కోసం. వేల ఐటమ్స్ సర్వర్‌లో సిద్ధమయ్యేదాకా డీలర్ ఫోన్‌లో తెల్ల స్క్రీనే కనిపిస్తుంది. పేజీని సిద్ధమైనంత వరకు ముక్కలుగా పంపడం కొత్తేం కాదు, బ్రౌజర్, సర్వర్ మాట్లాడుకునే పద్ధతి హెచ్‌టీటీపీకి 1990లలో వచ్చిన 1.1 వెర్షన్‌లోనే ఉంది. చిక్కంతా సెక్యూరిటీతోనే. మొదటి ముక్క కన్నా ముందే 'అంతా ఓకే' అనే 200 కోడ్ వెళ్లిపోతుంది. ఈ రేట్లు చూసే హక్కు ఆ డీలర్‌కు లేదని తర్వాత తేలినా, కోడ్‌నూ వెనక్కి తేలేం, రేట్లనూ తేలేం. అందుకే లాగిన్, అనుమతులు చూడటం పూర్తయ్యేదాకా మా దాంట్లో ఒక్క అక్షరం బయటికి పోదు. కాస్త ఆలస్యమవుతుంది. కానివ్వండి.

ఆలస్యంగా వచ్చిన భాగాన్ని తర్వాత తెచ్చి పేజీ మధ్యలో అతికించే పద్ధతి రియాక్ట్ లాంటి వెబ్ టూల్స్‌లో ఉంది. ఆ అతికింపు పేజీలోనే రాసిన చిన్న స్క్రిప్టులు (బ్రౌజర్ నడిపే ప్రోగ్రామ్‌లు) చేస్తాయి. మేం అలాంటి స్క్రిప్టులను పూర్తిగా ఆపేశాం. ఎవరైనా ఐటమ్ పేరులో కోడ్ దూర్చినా బ్రౌజర్ దాన్ని నడపదు. దానికి బదులుగా పేజీ పైనుంచి కిందికి వరసగానే వస్తుంది. మధ్యలో ఏదైనా నెమ్మదిస్తే కిందిదంతా ఆగుతుంది.

నాకు ఎక్కువ టెన్షన్ పెట్టింది మాత్రం లిస్టు సగంలో తెగిపోవడం. బ్రౌజర్ మామూలుగా ఏమీ చెప్పదు, డీలరేమో ఆ మందు స్టాక్‌లో లేదనుకుంటాడు. అందుకని 'లిస్టు ఇంకా పూర్తి కాలేదు' అని పైన ఒక గమనిక పెట్టాం. చివరి ముక్క వచ్చాకే అది మాయమవుతుంది. స్క్రిప్టు లేకుండా, పేజీ రూపాన్ని నిర్ణయించే సీఎస్ఎస్‌లో, ఫలానాది పేజీలో ఉందా అని చూసే 'హ్యాజ్' సెలెక్టర్‌తో చేశాం. ఫైర్‌ఫాక్స్‌లో ఇది 2023 డిసెంబరులో గానీ రాలేదు కాబట్టి, పాత బ్రౌజర్లలో లిస్టంతా వచ్చినా గమనిక అలాగే ఉంటుంది. దాని గురించి మీకు ఫోన్లొస్తాయి, మాకూ వస్తాయి. ఉన్న మందును లేదనుకోవడం కన్నా అదే నయం.

ఇక మార్చకపోవడానికి కారణం. మీ సైట్లు ఇప్పుడు నడుస్తున్న జాంగో అనే ఫ్రేమ్‌వర్క్‌లో లోపం ఉంటే ప్రపంచంలో ఎవరో ఒకరు పట్టుకుంటారు, సరిచేసిన వెర్షన్ వస్తుంది. మా దాంట్లో లోపాలు వెతకాల్సింది మా ఆఫీసులో ఉన్న నలుగురమే. బయటివాళ్లతో ఆడిట్ ఇంకా చేయించలేదు. పైగా సర్వర్ ముందు ఎంజిన్‌ఎక్స్ (బ్రౌజర్‌కూ సైటుకూ మధ్య నిలబడే సాఫ్ట్‌వేర్) ఉంటే, మామూలు సెట్టింగ్‌లో అది ముక్కలను తన దగ్గర పోగేసుకుని పంపుతుంది. ఒకే సర్వర్‌ను చాలా సైట్లు పంచుకునే షేర్డ్ హోస్టింగ్‌లో ఆ సెట్టింగ్ సాధారణంగా మన చేతిలో ఉండదు. అక్కడ ఈ కష్టమంతా వృథా.

సొంత సర్వర్ ఉన్నవాళ్లు కావాలంటే స్టాక్ లిస్టు ఒక్కదాన్ని దీని మీద ట్రయల్‌గా నడిపి చూపిస్తాం, డబ్బులేం తీసుకోం. బిల్లింగ్, పేమెంట్ పేజీలు అడిగినా ఇవ్వం. ఏఎంసీ (ఏడాది నిర్వహణ) రేటు పాతదే.