ఉదయగిరి వైపు థెరపిస్టులను పంపండి

సంపాదకుడు గారికి,

మా బాబుకు నాలుగేళ్లు. ఆటిజం ఉంది, అంటే మెదడు ఎదుగుదలలో తేడా. పేరు పెట్టి పిలిచినా తిరిగి చూడడు. మిక్సీ శబ్దం భరించలేడు, అందుకే వాళ్ల నాన్న వాణ్ని బయటికి తీసుకెళ్లినప్పుడే పచ్చడి నూరుకుంటాను. పెరుగన్నం తప్ప మరొకటి ముట్టడు. బస్సులో హారన్ మోగితే కేకలు పెడతాడు. పక్కవాళ్లేమో ‘గారాబం ఎక్కువైంది’ అంటారు. అది గారాబం కాదు, మా పెంపకంలో లోపం అంతకన్నా కాదు. దయచేసి ఆ మాట అనకండి.

మాటలు నేర్పే స్పీచ్ థెరపీ కావాలంటే ఉదయగిరి నుంచి నెల్లూరు దాకా పోవాలి. అక్కడ దివ్యాంగుల కోసం కేంద్ర ప్రభుత్వ కేంద్రం ఉండడం మంచిదే. కానీ కూలి మానుకుని వారం వారం ఎవరు పోగలరు? 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో ఆటిజం కూడా ఉంది. నిరామయ పథకం కింద లక్ష రూపాయల దాకా ఆరోగ్య బీమా ఉందని, అది థెరపీకి కూడా వర్తిస్తుందని నాకు చెప్పింది ఏ ఆఫీసరూ కాదు, నాలాంటి మరో తల్లి.

వారానికి ఒక్కరోజైనా థెరపిస్టును మా ఊళ్ల వైపు పంపాలని, ఆటిజం లక్షణాలు ముందే గుర్తించేలా అంగన్‌వాడీ టీచర్లకు శిక్షణ ఇవ్వాలని కలెక్టర్ గారిని కోరుతున్నాను.

- ఒక తల్లి, ఉదయగిరి, నెల్లూరు జిల్లా