హెరాక్లిటస్ ముఖం మీద కన్నీళ్లు ఎవరివి?

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో గ్రీకు తత్వవేత్తల మీద ఒక పేజీ వేశారు. వ్యాసం బాగుంది, దాచుకున్నాను. కానీ దాని పక్కన వేసిన బొమ్మ గురించి నాలుగు మాటలు చెప్పాలి. నల్లటి బట్టల్లో ఒక మనిషి, ఏడుపు ముఖంతో, గ్లోబు మీద చేతులు పిసుక్కుంటూ ఉంటాడు. కింద ‘హెరాక్లిటస్’ అని ఒక్క మాట వేశారు. ఎవరు గీశారో, ఎప్పుడు గీశారో లేదు.

మా మనవరాలు ఆ పేజీ చూసి “ఈయన ఎందుకేడుస్తున్నాడు తాతయ్యా, ఎవరైనా చనిపోయారా?” అని అడిగింది. 30 ఏళ్లకు పైగా హైస్కూల్లో డ్రాయింగ్ చెప్పినవాణ్ని. ఆ పిల్లకి చప్పున జవాబు చెప్పలేకపోయాను.

ఆ బొమ్మ గీసింది యోహానెస్ మొరేల్సే అనే డచ్ చిత్రకారుడు, 1630 ప్రాంతంలో. హెరాక్లిటస్ క్రీ.పూ. 500 ప్రాంతంలో ఎఫెసస్‌లో బతికినవాడు. ఆ ఊరి శిథిలాలు ఇప్పుడు టర్కీలో ఉన్నాయి. ఇద్దరికీ మధ్య రెండు వేల ఏళ్లకు పైగా దూరం. ఆయన చేతుల కింద ఉన్న గ్లోబు కూడా ఆయన కాలానిది కాదు. ఇప్పటికి మిగిలిన భూగోళాల్లో అన్నిటికన్నా పాతదే 1492 నాటిది. మొరేల్సే రోజుల్లో డచ్చివాళ్ల ఓడలు లోకమంతా తిరుగుతున్నాయి, ఆమ్‌స్టర్‌డాంలో గ్లోబులు చేసి అమ్ముతున్నారు. చిత్రకారుడు తన దేశంలో దొరికే వస్తువును తెచ్చి తత్వవేత్త ముందు పెట్టాడు.

మరి ఆ కన్నీళ్లు ఎక్కడివి? హెరాక్లిటస్ రాసినదాంట్లో మనకు మిగిలింది నూటపాతిక దాకా చిన్న చిన్న వాక్యాలే. వాటిలో ఏడుపు లేదు. కోపం మాత్రం బోలెడంత ఉంది. హెర్మోడోరస్ అనే మంచి మనిషిని ఊళ్లోంచి తరిమేసినందుకు, ఎఫెసస్‌లో పెద్దవాళ్లంతా ఉరేసుకుని ఊరిని పిల్లలకు వదిలేస్తే నయం అన్నాడాయన. ఏడ్చేవాడి మాటలా అవి? ఆయన తర్వాత చాలాకాలానికి థియోఫ్రాస్టస్ అనే మరో గ్రీకు తత్వవేత్త, హెరాక్లిటస్ రచనలు సగం సగంగా ఉండటానికి ‘మెలాంకోలియా’ కారణం అన్నాడట. ఆ రోజుల్లో ఆ మాటకు ఆవేశం, నిలకడలేనితనం అనే అర్థం కూడా ఉండేదని పండితులు చెబుతారు. తర్వాతివాళ్లు దాన్ని దుఃఖం అనే అనుకున్నారు. హెరాక్లిటస్ తర్వాత 500 ఏళ్లకు పైగా గడిచాక రోములో సెనెకా అనే తత్వవేత్త, హెరాక్లిటస్ ఇంట్లోంచి బయటికొచ్చి జనాన్ని చూసినప్పుడల్లా ఏడ్చేవాడనీ, డెమోక్రిటస్ అనే ఇంకో గ్రీకు తత్వవేత్త అదే జనాన్ని చూసి నవ్వేవాడనీ రాశాడు. అలా ఇద్దరూ జంట అయిపోయారు.

అసలు తిరకాసు ఆ జంట దగ్గరే ఉంది. 15వ శతాబ్దం చివర్లో ఇటలీ చిత్రకారుడు బ్రమాంటే గీసిన కుడ్యచిత్రం ఇప్పుడు మిలాన్‌లోని బ్రెరా గ్యాలరీలో ఉంది. అందులో ఇద్దరూ పక్కపక్కనే కూర్చుంటారు, మధ్యలో గ్లోబు. ఒకాయన నవ్వు, ఒకాయన ఏడుపు. రూబెన్స్ 1603లో స్పెయిన్‌లో ఉండగా ఇద్దర్నీ కలిపి గీశాడు. 1628లో టెర్ బ్రుగ్గెన్ విడివిడిగా, కానీ జతగా గీశాడు. మొరేల్సే కూడా నవ్వే డెమోక్రిటస్‌ను జతగా గీశాడు. రెండూ పక్కన పెట్టి చూస్తే అదొక వాదన. ఇదే లోకం, దీన్ని చూసి నవ్వాలా, ఏడవాలా? మీరు ఒకాయన్ను వదిలేసి ఒకాయన్నే అచ్చు వేసేసరికి, మిగిలినాయన సొంత కష్టంతో కుమిలిపోతున్నట్టు కనిపిస్తున్నాడు. మా మనవరాలికి అలా అనిపించడంలో దాని తప్పేమీ లేదు.

పాతకాలం గ్రీకు శిల్పులు తత్వవేత్తల ముఖాల మీద ఇలా కన్నీళ్లు పెట్టలేదు. స్టోయిక్ అనే తత్వవేత్తల బృందానికి చెందిన క్రిసిప్పస్ శిల్పంలో తల చూడండి, నుదుటి మీద గట్టి ముడతలు ఉంటాయి. అవి ఆలోచనలో మునిగిన మనిషి ముడతలు. ఇక ఎఫెసస్ ఊరివాళ్లయితే, రోమన్ల కాలంలో తమ నాణేల మీద హెరాక్లిటస్‌ను చేతిలో దుడ్డుకర్రతో నిలబెట్టారు.

ఇంకొకటి. ఒక కోచింగ్ సెంటర్ నోట్సులో ఫ్రెంచి చిత్రకారుడు దావీద్ 1787లో గీసిన ‘సోక్రటీస్ మరణం’ వేసి, ‘గురువు పక్కనే దుఃఖంలో ప్లేటో’ అని రాశారు. మంచం కాళ్ల దగ్గర తల వంచుకుని కూర్చున్న ముసలాయన ప్లేటోనే. కానీ ఆ రోజు తాను ఒంట్లో బాగాలేక అక్కడ లేనని ప్లేటో రచనలోనే ఉంది. పైగా అప్పటికి ఆయనకు 30 ఏళ్లు కూడా నిండలేదు. జరిగినదాన్ని ముసలి ప్లేటో గుర్తు చేసుకుంటున్నట్టు దావీద్ గీశాడని చాలామంది అంటారు. విషం గిన్నె అందిస్తున్న కుర్రవాడు చూడలేక చేత్తో కళ్లు మూసుకున్నాడు. సోక్రటీస్ మాత్రం ఒక చెయ్యి పైకెత్తి మాట్లాడుతూనే రెండో చెయ్యి గిన్నె వైపు చాచాడు. చుట్టూ అందరూ ఏడుస్తున్నా ఆయన ముఖంలో ఏడుపు లేదు. ఇంత అందమైన బొమ్మను ఫొటో తీసినట్టు చెప్పడం నాకు బాధగా ఉంది. సివిల్స్ నాలుగో జనరల్ స్టడీస్ పేపరు కోసం మన పిల్లలు ఈ తత్వవేత్తల్నే చదువుతున్నారు.

ఊహాచిత్రాలు వెయ్యొద్దని నేను అనను. వేమన బతికుండగా గీసిన బొమ్మ ఏదైనా మన దగ్గరుందా? అయినా ఆయన రూపం మన మనసుల్లో ఉంది. చిత్రకారులు వెయ్యకపోతే ఆ రూపం ఉండేది కాదు. అందుకే వాళ్ల పేరు వెయ్యమంటున్నాను. స్థలం లేదనకండి, చిన్న అక్షరాల్లో ఒక్క వరుస చాలు. వచ్చే ఆదివారం సవరణగా ఇలా వేస్తే సంతోషిస్తాను:

‘హెరాక్లిటస్. ఊహాచిత్రం. చిత్రకారుడు: యోహానెస్ మొరేల్సే, సుమారు 1630. నవ్వే డెమోక్రిటస్ చిత్రానికి జత.’

వీలైతే ఆ డెమోక్రిటస్‌ను కూడా పక్కనే వెయ్యండి. మా మనవరాలికి చూపించాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత డ్రాయింగ్ మాస్టారు,
తెనాలి