విదేశాంగ మంత్రి జైశంకర్ గారికి బహిరంగ లేఖ: చిన్న దేశాన్ని బెదిరించినప్పుడు మన సాయం ఆ నెలలోనే చేరాలి

జైశంకర్ గారూ, నమస్కారం.

నేను భీమవరం వాడిని, ఏ పార్టీకీ చెందినవాడిని కాదు. ఈ లెటర్ మంగోలియా గురించి. భీమవరం వాడికి మంగోలియాతో ఏం పని అని మీకు అనిపించొచ్చు, అదీ చెప్తాను, ముందు అసలు విషయానికి వస్తాను.

2016 నవంబర్‌లో దలైలామా గారు మంగోలియా రాజధాని ఉలాన్‌బాటర్ వెళ్ళారు. ఇది మతానికి సంబంధించిన ప్రయాణం, రాజకీయం ఏమీ లేదని మంగోలియా ప్రభుత్వం ముందే చెప్పింది, ఆ దేశంలో ఎక్కువమందిది టిబెటన్ బౌద్ధమే, ఆయన వాళ్ళకి గురువు. చైనా మాత్రం ఆయన్ని రానివ్వొద్దని హెచ్చరించింది, అయినా వాళ్ళు రానిచ్చారు. ఆయన తిరిగెళ్ళి పది రోజులు కూడా కాకుండానే చైనాతో జరగాల్సిన అప్పు చర్చలు వాయిదా పడ్డాయి, గషూన్ సుఖాయిత్ అనే బోర్డర్ దగ్గర మంగోలియా సరుకు మీద కొత్త ఫీజులు మొదలయ్యాయి.

ఆ బోర్డర్ ఎలా ఉంటుందో ఒకసారి చూడండి సర్. గోబీ ఎడారి, అక్కడ డిసెంబర్‌లో సున్నాకి ఇరవై డిగ్రీలు కింద అంటే వింతేం కాదు, తవన్ తోల్గోయ్ గనుల నుంచి బొగ్గు వేసుకొచ్చిన లారీలు కిలోమీటర్ల కొద్దీ లైన్లో ఉంటాయి, డ్రైవర్ తిండీ నిద్రా అన్నీ క్యాబిన్లోనే. ఆ లారీ దాటిన ప్రతిసారీ 10 యువాన్లు కట్టాలి, దానిమీద సరుకుని బట్టి ఇంకొంత. పది యువాన్లు ఏముందిలే అనుకుంటాం గానీ, ఎగుమతుల్లో 80 శాతం పైగా ఒక్క చైనాకే అమ్ముకునే దేశం అది, పైగా ఆ టైంలో అప్పులు తీర్చలేక నలిగిపోతోంది, తర్వాతి మార్చికి 58 కోట్ల డాలర్ల బాండ్లు తీర్చాలి, ఈ రోజు పది అన్నవాడు రేపు ఎంత అంటాడో, గేటే మూసేస్తాడో అన్న భయం చాలు ఒక ప్రభుత్వాన్ని కూర్చోబెట్టడానికి.

అప్పుడు ఢిల్లీలో ఉన్న మంగోలియా రాయబారి బహిరంగంగానే మనల్ని అడిగారు, ఇండియా మా తరఫున మాట్లాడాలి, సాయం చెయ్యాలి అని. ఆ రోజుల్లో విదేశాంగ కార్యదర్శి మీరే. మన శాఖ ఇచ్చిన జవాబు ఏంటంటే, ఈ కష్టకాలంలో మంగోలియా ప్రజలతో కలిసి పనిచెయ్యడానికి సిద్ధం, 2015లో ప్రధాని గారు ప్రకటించిన 100 కోట్ల డాలర్ల లైన్ ఆఫ్ క్రెడిట్ ఉంది కదా, అని. ఆ నెల తిరక్కముందే వాళ్ళ విదేశాంగ మంత్రి మూంఖ్-ఒర్గిల్ పేపర్ ఇంటర్వ్యూలో చెప్పేశారు, ఈ ప్రభుత్వం ఉండగా దలైలామాని మతపరంగా కూడా ఆహ్వానించం అని. ముప్పై లక్షల జనం ఉన్న దేశం, తన గురువుని తన ఇంటికి పిలవనని చెప్పాల్సి రావడం, నాకైతే ఇప్పుడు తలుచుకున్నా కడుపు మండుతుంది.

మన మాటలో తప్పు పట్టను సర్, మన మనసు మంచిదే. ఆ నెలలో చేతిలో పెట్టడానికి పనికొచ్చేది మన దగ్గర లేదు, అదీ సమస్య. లైన్ ఆఫ్ క్రెడిట్ అంటే ఏంటో మీకు నేను చెప్పక్కర్లేదు, చదివేవాళ్ళ కోసం చెప్తున్నా: అది నగదు కాదు, మన కేంద్ర ప్రభుత్వ ఎగుమతి దిగుమతి బ్యాంకు (ఎగ్జిమ్ బ్యాంక్) ఇచ్చే ప్రాజెక్టు అప్పు, మామూలుగా అందులో 75 శాతం దాకా సరుకు, సర్వీసులు మన దేశం నుంచే కొనాలి, ముందు ప్రాజెక్టు రిపోర్టు, తర్వాత ఒప్పందం, తర్వాత టెండర్లు, ఇదంతా నడిచేసరికి ఏళ్ళు గడుస్తాయి. ఆ 100 కోట్లు చివరికి సైన్‌షాండ్ దగ్గర ఆయిల్ రిఫైనరీ అయ్యాయి, 2018 జూన్‌లో శంకుస్థాపన, తర్వాత అప్పు 170 కోట్ల డాలర్లకి పెరిగింది, మన హైదరాబాద్ మేఘా ఇంజనీరింగ్ వాళ్ళు అందులో పెద్ద పనులే చేస్తున్నారు. చాలా మంచి ప్రాజెక్టు, పెట్రోలు డీజిలు దాదాపు అంతా రష్యా నుంచి తెచ్చుకునే దేశానికి ఏడాదికి 15 లక్షల టన్నుల రిఫైనరీ అంటే మాటలు కాదు, రేపు ఇంకొకళ్ళు సరఫరా ఆపేస్తాం అని బెదిరించినా తట్టుకోగలదు. కానీ 2016 డిసెంబర్లో లైన్లో నిలబడ్డ లారీకి అది ఏ రకంగానూ ఉపయోగపడలేదు.

ఇలాంటి టైంలో ఇంకొకళ్ళు ఏం చేశారో చూడండి. 2021 నవంబర్‌లో యూరప్‌లోని లిథువేనియా తన రాజధాని విల్నియస్‌లో తైవాన్ పేరుతో ఆఫీసు పెట్టనిచ్చింది, తైవాన్ తనదే అనే చైనాకి కోపం వచ్చి లిథువేనియా సరుకుని కస్టమ్స్ దగ్గరే ఆపేసింది. చైనాకి వెళ్ళాల్సిన 20,400 సీసాల రమ్ము ఉంటే, తైవాన్ ప్రభుత్వ కంపెనీ మొత్తం కొనేసింది, ఆ రమ్ముతో వంటలు ఎలా చేసుకోవాలో కూడా తైవాన్ ప్రభుత్వమే జనానికి చెప్పింది, 2022 జనవరి కల్లా 20 కోట్ల డాలర్ల పెట్టుబడి ఫండు, 100 కోట్ల డాలర్ల రుణాల ఫండు ప్రకటించేసింది. ఆ ఫండ్లలో తర్వాత ఎంత ఖర్చయింది అన్నది వేరే చర్చ, ఒంటరిగా లేము అన్న ధైర్యం మాత్రం కొన్ని వారాల్లోనే అందింది, లిథువేనియా ఆ ఆఫీసు పేరు మార్చలేదు. దాని వెనక యూరోపియన్ యూనియన్ కూడా ఉంది, ఈ గొడవ తర్వాత వాళ్ళు ఇలాంటి ఒత్తిళ్ళని ఎదుర్కోడానికి ఏకంగా చట్టమే చేసుకున్నారు, 2023 డిసెంబర్ నుంచి అమల్లో ఉంది. మంగోలియాకి అలాంటి యూనియన్ లేదు. పసిఫిక్‌లో పలావుకీ లేదు, పద్దెనిమిది వేల జనాభా, టూరిజం మీదే బతుకు, తైవాన్‌ని వదల్లేదని 2017లో చైనా టూర్ గ్రూపులు ఆగిపోయాయి, హోటళ్ళు ఖాళీ అయ్యాయి.

మనకి చేతకాదు అని మాత్రం అనకండి సర్, ఎందుకంటే మనం చేశాం. 2022లో శ్రీలంకలో పెట్రోల్ బంకుల ముందు జనం రోజుల తరబడి నిలబడ్డప్పుడు ఇంధనానికి, తిండికి, మందులకి అన్నీ కలిపి 400 కోట్ల డాలర్ల దాకా మన సాయం నెలల్లోనే వెళ్ళింది. అది అప్పటికప్పుడు చేసుకున్న ఏర్పాటు, నేను అడిగేది దాన్ని ముందే రాసిపెట్టుకున్న పద్ధతిగా మార్చమని.

ఇప్పుడు భీమవరం సంగతి. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద 50 శాతం టారిఫ్ వేసింది, అందులో 25 శాతం మనం రష్యా ఆయిల్ కొంటున్నామనే. ఆయిల్ కొన్నది ఎవరో, దెబ్బ పడింది మా రొయ్యల చెరువుల మీద. మన రొయ్యలకి అమెరికానే పెద్ద గిరాకీ, టారిఫ్ అనగానే కౌంట్ రేట్లు (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో చూసి కట్టే ధరలు) పడిపోయాయి, మేతకి, కరెంటుకి, లీజుకి అప్పు చేసిన రైతు పట్టుబడికి వచ్చిన రొయ్యని అమ్మాలా ఆపాలా తెలీక గట్టు మీద కూర్చున్నాడు, ఆపితే రోగం భయం, అమ్మితే నష్టం. ఇంత పెద్ద దేశం మనది, మన గొంతు వినిపిస్తుంది, మీరు అంతర్జాతీయ వేదికల మీద గట్టిగా మాట్లాడారు, అప్పటికీ మా చెరువు గట్టు మీద పరిస్థితి ఇది. అలాంటిది ముప్పై లక్షల మంది దేశానికి, పద్దెనిమిది వేల మంది దీవికి ఎలా ఉంటుందో మా జిల్లాలో ఎవర్ని అడిగినా చెప్తారు. మన దగ్గరే పేదలున్నారు, బయట వాళ్ళకెందుకు అని అడిగేవాళ్ళకి నా జవాబు కూడా ఇదే.

నేను అడిగేది ఏంటంటే, మీ శాఖ బడ్జెట్లో దీనికంటూ విడిగా ఒక పద్దు పెట్టండి. 2025-26లో మీ శాఖకి మొత్తం 20,516 కోట్లు, అందులో ఒక్క భూటాన్‌కే 2,150 కోట్లు, భూటాన్‌కి ఇవ్వడం సబబే, నేను కాదనను. దానికి తోడుగా ఒక వెయ్యి కోట్లతో మొదలుపెట్టినా చాలు, ఏడాదిలో వాడకపోతే మురిగిపోకుండా తర్వాతి ఏడాదికి మిగలాలి. ఒక దేశం తన సొంత నిర్ణయం తీసుకున్నందుకు ఇంకో దేశం బోర్డరో, మార్కెట్టో, అప్పో అడ్డం పెట్టి పిండుతోంది అని అడిగితే, రెండు మూడు వారాల్లో తేల్చే అధికారం ఒక చిన్న కమిటీకి ఇవ్వండి. సరుకు కొనడం అన్నిచోట్లా కుదరదు, గోబీ బొగ్గు మన రేవుకి రావాలన్నా చైనా మీదుగానో రష్యా మీదుగానో రావాల్సిందే, అలాంటి చోట తక్కువ కాలం అప్పు, రిజర్వ్ బ్యాంక్ ద్వారా కరెన్సీ స్వాప్ (వాళ్ళ కరెన్సీ తీసుకుని కొంతకాలానికి డాలర్లో రూపాయలో ఇచ్చే ఏర్పాటు) పనికొస్తాయి. పలావు లాంటి చోట విమానాలు, టూరిస్టులు పనికొస్తాయి. ఆ డబ్బుకి 75 శాతం మన దగ్గరే కొనాలన్న షరతు పెట్టొద్దు, ఐక్యరాజ్యసమితిలో మనకి ఓటెయ్యాలన్న షరతు అసలే వద్దు, అలా పెడితే వాళ్ళని పిండే చేతుల్లో మనదీ ఒకటి అవుతుంది.

ఇంకొకటి, చెప్పకపోతే ఈ లెటర్ నిజాయితీగా ఉండదు. 2015లో నేపాల్ తన రాజ్యాంగం తెచ్చుకున్న తర్వాత బోర్డర్లో ట్యాంకర్లు నెలల తరబడి ఆగిపోయాయి. మనం ఆపలేదు, అక్కడి ఆందోళనల వల్లే ఆగాయని మన ప్రభుత్వం చెప్పింది, కానీ భూకంపం వచ్చిన ఏడాదే గ్యాస్ బండ లేక కట్టెల మీద వండుకున్న ఖాట్మండు ఇల్లాలు ఆ మాట నమ్మలేదు, తర్వాతి మార్చిలోనే అప్పటి నేపాల్ ప్రధాని ఓలి గారు బీజింగ్ వెళ్ళి చైనా రేవుల గుండా సరుకు తెచ్చుకునే ఒప్పందం చేసుకొచ్చారు. 2024 జనవరిలో మాల్దీవుల ఉప మంత్రులు ముగ్గురు మోదీ గారి మీద నోరు జారితే మనవాళ్ళు బాయ్‌కాట్ మొదలుపెట్టారు, అది ప్రభుత్వం చేసింది కాదు, కానీ అంతకుముందు ఏడాది అక్కడికి అందరికంటే ఎక్కువ టూరిస్టులు మన దగ్గర్నుంచే వెళ్ళారు కాబట్టి ఆ దెబ్బ ఏంటో వాళ్ళకి తెలిసింది. తర్వాత అదే మాల్దీవులకి మనం కరెన్సీ స్వాప్ ఇచ్చి నిలబెట్టాం, అది సరైన దారి. అందుకే ఈ ఫండు పెట్టేటప్పుడు, ఇరుగు పొరుగు దేశాల తిండి, ఇంధనం, మందుల దారిని ఏ తగాదాలోనూ అడ్డం పెట్టం అని పార్లమెంటులో మీ నోటితో ఒక ప్రకటన చెయ్యండి. ఆ మాట వస్తే ఖాట్మండులో, మాలేలో, ఢాకాలో మన సాయాన్ని చూసే చూపే మారుతుంది.

వచ్చే బడ్జెట్ కసరత్తులోనే ఈ పద్దు గురించి ఆర్థిక శాఖకి రాయమని, రాశారో లేదో పార్లమెంటులో చెప్పమని నా కోరిక. మా ఎంపీకి కూడా ఈ లెటర్ కాపీ ఇస్తున్నాను.

నమస్కారాలతో,
భీమవరం నుంచి ఒక పౌరుడు