24 గంటల్లో వస్తానన్న మీ ఫోన్ ఇంకా రాలేదు

కస్టమర్ కేర్ వారికి, అలాగే ఈ మెయిల్ తెరిచి చదివే ఓపిక ఉన్న పై అధికారి ఎవరైనా ఉంటే వారికి,

నేను మీ స్కిన్ క్లినిక్ హన్మకొండ బ్రాంచిలో మొహానికి కెమికల్ పీల్, అంటే యాసిడ్ రాసి పై చర్మం పొర ఊడేలా చేసేది, చేయించుకున్నాను. మంగు తగ్గుతుందన్నారు. తగ్గకపోగా రెండు బుగ్గలూ ఇంకా నల్లబడ్డాయి. ఇప్పుడు రాస్తున్నది దాని గురించి కాదు, ఆ ఫొటోలు మీ దగ్గర కావలసినన్ని ఉన్నాయి, ఎందుకంటే మీ వాళ్లు మాట్లాడిన ప్రతిసారీ "మేడమ్, ఫొటోలు ఒకసారి పంపండి" అనే మొదలుపెడతారు.

నేను అడిగింది ఒక్కటే ప్రశ్న. నా మొహానికి రాసింది ఏ యాసిడ్? ఎంత శాతం? ఎంతసేపు ఉంచారు? నల్లబడ్డాక భయపడి వేరే స్కిన్ డాక్టర్ దగ్గరికి వెళ్తే ఆమె మొదట అడిగింది అదే. గ్లైకోలిక్కా, శాలిసిలిక్కా, టీసీఏనా అంటే నేను నోరు వెళ్లబెట్టాను. నా ఫైలు మీద "గ్లో పీల్ – ప్రీమియం" అని మాత్రమే ఉంది. ప్రీమియం అనే యాసిడ్ లేదట.

సరే అని బ్రాంచికి ఫోన్ చేశాను. రిసెప్షన్ అమ్మాయి "ఆ వివరాలు మా దగ్గర ఉండవు మేడమ్, హెడ్డాఫీసుకు మెయిల్ పెట్టండి" అంది. పెట్టాను. హైదరాబాద్ నుంచి ఒకతను ఫోన్ చేసి, మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం అని చదివి, "ఇది బ్రాంచి వాళ్లే చెప్పాలి మేడమ్" అన్నాడు. మళ్లీ బ్రాంచి. ఈసారి మేనేజర్ మీటింగ్‌లో ఉన్నారు. ఆ మీటింగ్ అప్పటి నుంచి నడుస్తూనే ఉంది, పార్లమెంటు సమావేశాలు కూడా మధ్యలో వాయిదా పడతాయి. ఇంకొకామె ఫొటోలు చూసి లైటింగ్ వల్ల అలా కనిపిస్తోందేమో అంది. మరొకాయన, పాపం చాలా ఓపికగా విని, ఈ నలుపు పోవడానికి మీ దగ్గరే కొత్త ప్యాకేజీ ఉందని, పాత కస్టమర్ కాబట్టి డిస్కౌంట్ ఇప్పిస్తానని చెప్పాడు! పోనీ టికెట్ నంబర్ ఇచ్చారు కదా, 24 గంటల్లో ఫోన్ వస్తుందన్నారు కదా అని చూస్తుంటే ఫోన్ రాలేదు, "మీ సమస్య పరిష్కారమైంది, మాకు రేటింగ్ ఇవ్వండి" అని మెసేజ్ వచ్చింది. వాట్సాప్‌లో నా ప్రశ్నకు నీలం టిక్కులు పడతాయి, జవాబుగా ఆఫర్ బొమ్మ వస్తుంది.

ఆ డాక్టరమ్మ ఇంకా ఏమేం అడిగిందో వినండి, మీ కౌన్సెలర్లకు పనికొస్తుంది. పీల్‌కి ముందు రెండు నుంచి నాలుగు వారాలు క్రీములతో చర్మాన్ని సిద్ధం చేశారా? మొటిమలకు ఐసోట్రెటినాయిన్ మాత్రలు వాడారా? పెదవుల దగ్గర జ్వరప్పొక్కులు వచ్చే అలవాటు ఉందా? ప్రెగ్నెంటా? వారం లోపు బ్లీచ్, వాక్సింగ్ చేయించారా? రెటినాల్ క్రీములు వాడుతుంటే ఆపమన్నారా? ఇవేవీ మీ దగ్గర ఎవరూ అడగలేదు. చామనఛాయ వాళ్లకు పీల్ తర్వాత నల్లమచ్చలు పడే ప్రమాదం ఎక్కువని, ఎండ తగిలితే అది ఇంకా పెరుగుతుందని ఆమె చెబితేనే తెలిసింది. మీ కౌన్సెలర్ ఏమందో తెలుసా? "లంచ్ టైమ్ పీల్ మేడమ్, చేయించుకుని అటే డ్యూటీకి వెళ్లిపోవచ్చు" అని. ఏప్రిల్‌లో, మన వరంగల్ ఎండలో, స్కూటీ మీద కాజీపేట దాకా! సన్‌స్క్రీన్ అని ఒక ట్యూబు మాత్రం బిల్లులో కలిపారు, కొద్ది గంటలకోసారి మళ్లీ రాసుకోవాలని చెప్పే తీరిక లేకపోయింది.

నేను మీకు కొత్త మనిషిని కాదు. మీరు నక్కలగుట్టలో బోర్డు పెట్టిన కొత్తలోనే వచ్చాను, మా చెల్లెను తెచ్చాను, స్టాఫ్ రూములో సగం మంది టీచర్లను పంపాను. అప్పుడు మీ వాళ్లు "అక్కా, అక్కా" అని చాయ్ తెప్పించేవాళ్లు. ఇప్పుడు నా నంబర్ చూస్తే లైను కలవదు.

రోగి అడిగితే 72 గంటల్లోగా రికార్డులు ఇవ్వాలని డాక్టర్ల నియమావళిలో 2002 నుంచే ఉంది. కాబట్టి నా ఫైలు కాపీ, నేను సంతకం పెట్టిన కాగితం కాపీ, పీల్ చేసినవారి పేరు, వారు డాక్టరైతే రిజిస్ట్రేషన్ నంబర్ పంపండి, డాక్టర్ కాకపోతే అదీ రాసి పంపండి. డబ్బు వెనక్కి ఇస్తారా, వేరే చోట చేయించుకుంటున్న వైద్యం ఖర్చు ఇస్తారా అన్నది మీరే ఆలోచించి చెప్పండి. చెప్పకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను, ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. నేను కట్టినంత బిల్లుకు అక్కడ ఫీజు కూడా లేదు, 5 లక్షల దాకా ఉచితమే. మెడికల్ కౌన్సిల్‌కు కూడా రాస్తాను. స్టాఫ్ రూములో అయితే ఇప్పటికే చెప్పేశాను.

ఫోన్ చేయాలనుకుంటే సాయంత్రం ఐదు దాటాక చేయండి, అప్పటిదాకా బడిలో ఉంటాను. ఫొటోలు మళ్లీ అడగొద్దు. ఆ ఆఫర్ మెసేజ్‌లు ఈరోజే ఆపండి.

ఇట్లు,
మీ లెక్కల్లో సమస్య పరిష్కారమైన కస్టమర్,
హన్మకొండ