31 నుంచి 53 వరకు నంబర్లున్న కేస్‌లు వాడుతున్నవారికి

మా దగ్గర కంప్యూటర్‌కు వాటర్ కూలింగ్ కేస్ చేయించుకున్నవారిలో కొందరికి ఇప్పటికే ఫోన్ చేశాను. మిగతావాళ్లు ఈ సంగతి ఎవరి నోటో వినేకంటే నా నోటే వినడం మంచిదని రాస్తున్నాను. మీ డిస్ట్రో ప్లేట్ (నీటి దారులు చెక్కిన ముందువైపు అక్రిలిక్ పలక) కింది మూలన చెక్కిన నంబరు 31కీ 53కీ మధ్య ఉంటే ముందు ఆ మెషీన్ ఆపేయండి. మిగతాది తర్వాత తీరిగ్గా చదవచ్చు.

38వ నంబరు కేస్ వాడుతున్న ఒకాయనకు గ్రాఫిక్స్ కార్డు మీద రెండు చుక్కల కూలెంట్ (లోపల తిరిగే చల్లబరిచే ద్రవం) కనిపించింది. వెంటనే ప్లగ్ పీకేశారు కాబట్టి, ఆరబెట్టాక కార్డు బతికింది. మదర్‌బోర్డు బతకలేదు. దాని బదులు కొత్తది కొనిచ్చాం. ఈ కూలెంట్‌లో కరెంటు పారదు, ఒలికినా భయం లేదు అని ఒకప్పుడు నేనే చాలామందికి చెప్పాను. సీసాలో ఉన్నంతవరకు అది చాలావరకు నిజమే. నెలల తరబడి రాగి, నికెల్ మీదుగా తిరిగి, బోర్డు మీది దుమ్ములో పడ్డాక ఆ మాట చెల్లదు.

ప్లేట్ తెప్పించి వెలుతురుకు అడ్డంగా పట్టి చూశాను. పంపు నుంచి వచ్చే రంధ్రం చుట్టూ, సరిగ్గా మరలు కోసిన చోట, సాలెగూడులాంటి పగుళ్లు. వెంట్రుక కంటే సన్నం, గోటికి తగలవు. ఆ తర్వాత ఇంకో తొమ్మిది ప్లేట్లు వెనక్కి తెప్పిస్తే ఐదింటిలో అవే పగుళ్లు. కారడం మాత్రం ఇప్పటికి ఆ ఒక్కటే.

ఆ ప్లేట్లకు అక్రిలిక్ షీటు అమ్మినాయన మొదటిమాటే "మీరు ఫిట్టింగులు (ట్యూబులను ప్లేట్‌కు కలిపే బిగింపులు) మరీ బిగించి ఉంటారు" అన్నాడు. ఇది రాయకుండా ఉండలేకపోతున్నాను, క్షమించండి. ఇన్నేళ్లలో నేను ఒక్క ఫిట్టింగుకూ రెంచి పెట్టలేదు. నీళ్లను ఆపేది మర కాదు, ఫిట్టింగు కింద కూర్చునే రబ్బరు రింగు. చేత్తో తిప్పి, ఆగినచోట ఆపేస్తే చాలు. ఈ పని నేర్చుకోవడానికి వచ్చిన ప్రతి కుర్రాడికీ నేను మొదటిరోజు చెప్పే పాఠం అదే. అలాంటిది నాకే ఆ పాఠం చెప్పాడు!

అసలు విషయం షీటులో ఉంది. అక్రిలిక్ షీటు రెండు రకాలుగా తయారవుతుంది. ఒకటి కాస్ట్. రెండు గాజు పలకల మధ్య ద్రవంగా పోసి, నెమ్మదిగా గట్టిపడనిస్తారు. రెండోది ఎక్స్‌ట్రూడెడ్. కరిగిన ప్లాస్టిక్‌ను సన్నటి సందులోంచి నెట్టి, రోలర్ల మధ్య షీటుగా లాగుతారు. త్వరగా అవుతుంది, చవక కూడా. కానీ ఆ నెట్టుడులో పుట్టిన ఒత్తిడి కొంత షీటు లోపలే ఉండిపోతుంది. పైన అద్దంలా నున్నగా కనిపిస్తుంది గాని, మిషన్ మీద కోసి, మరలు తీసి, దానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తగిలిస్తే చాలు, ఆ ఒత్తిడి పగుళ్లుగా బయటపడుతుంది. వెంటనే కూడా కాదు, కొన్నిసార్లు వారాల తర్వాత. మేము ప్రతి ప్లేట్‌నూ బిగించే ముందు ఆ ఆల్కహాల్‌తోనే తుడిచేవాళ్లం. అందుకే 0.5 బార్ గాలి ఒత్తిడితో అరగంట పెట్టిన లీక్ పరీక్షలో అన్నీ పాసయ్యాయి. ఆ రోజుకు పగుళ్లు లేవు మరి.

మొదటినుంచీ మేం కొన్నది కాస్ట్ షీటే. ఆర్డరులో ఆ మాట ఉంది, బిల్లులోనూ ఉంది. వచ్చింది మాత్రం రెండో రకం. నిలదీస్తే, "ఆ సైజులో కాస్ట్ స్టాకు లేదు, చూడ్డానికి రెండూ ఒకటేగా" అన్నాడు. స్టాకు లేదని ఒక్క ఫోన్ చేసి ఉంటే నెల రోజులైనా ఆగేవాణ్ణి. మీలో చాలామంది నాకోసం అంతకంటే ఎక్కువే ఆగారు. తర్వాత మంచి షీట్లు ఉచితంగా పంపుతానన్నాడు. వద్దన్నాను. మా ఆవిడ, ఉచితంగా వచ్చేదాన్ని ఎందుకు వదులుకోవడం అంది. నిజమే, మొండితనమే. కానీ ఆయన షీటు చూసినప్పుడల్లా నాకు ఆ రెండు చుక్కలు గుర్తుకొస్తాయి.

ఇక్కడ నా వంతు తప్పు కూడా చెప్పాలి. ఆ షీటు నాకు మూడుసార్లు చెప్పింది, మూడుసార్లూ నేను వినలేదు. కాస్ట్ షీటు మందం ఎప్పుడూ కాస్త హెచ్చుతగ్గులుగా ఉంటుంది. ఇది ఎక్కడ కొలిచినా ఒకటే మందం. నాణ్యత పెరిగిందని సంబరపడ్డాను. కోసేటప్పుడు కాస్ట్ నుంచి పొడిపొడిగా రజను రాలుతుంది. ఇది మెత్తబడి కట్టర్‌కు జిగురులా అంటుకుంది. కట్టర్ మొద్దుబారిందనుకుని కొత్తది వేశాను. లేజరుతో నంబరు చెక్కితే కాస్ట్ మీద మంచుపొరలా తెల్లగా పడుతుంది. దీనిమీద గాజు మీద గీసినట్టు మసగ్గా, పారదర్శకంగా పడింది. లేజర్ సెట్టింగులు మార్చి మార్చి ఒక సాయంత్రం పోగొట్టుకున్నాను.

ఇంకొకటి. మొదటి ఇరవై ప్లేట్ల దాకా, కోత అయ్యాక ప్రతిదాన్నీ ఓవెన్‌లో 80 డిగ్రీల దగ్గర పెట్టి, మెల్లగా చల్లారనిచ్చేవాళ్లం. కోతలో పుట్టిన ఒత్తిడి దాంతో సడలుతుంది. మా 15 మి.మీ. షీటుకు నాలుగు గంటలు, చల్లారడానికి ఇంకాసేపు పడుతుంది. ఆర్డర్లు పెరిగాయి, ఏ ప్లేటూ పగల్లేదు కదా అని ఆ పని ఆపేశాను. ఆపమన్నది ఎవరూ కాదు, నేనే. అది ఆపకుండా ఉంటే ఆ షీటు కూడా ఇంత తొందరగా పగిలేది కాదేమో.

ఇకముందు ఏం చేయాలన్నదాని మీద మూడు వారాలు నిద్ర లేదు. తోటి బిల్డర్లు చెప్పింది ఒకటే: "డిస్ట్రో ప్లేట్ మానెయ్. రబ్బరు ట్యూబులు వేసెయ్, నీకూ టెన్షన్ ఉండదు, వాళ్లకూ ఉండదు." ఆ మాటలో తప్పేమీ లేదు. ఈపీడీఎం రబ్బరు ట్యూబు వేసిన లూపు (కూలెంట్ తిరిగే దారి మొత్తం) ఏళ్ల తరబడి చెక్కుచెదరకుండా నడుస్తుంది. కానీ మీరు నా దగ్గరికి వచ్చింది దానికోసం కాదు. ముందువైపు పలకలో నీళ్లు దారులు తీస్తూ తిరగడం చూడాలని వచ్చారు. నాకూ ఈ పనిలో ఇష్టమైనది అదొక్కటే. అది తీసేస్తే నేను స్క్రూలు బిగించేవాణ్ణి మాత్రమే.

అలాగని పాత పద్ధతిలోనే మళ్లీ చేయడానికి చెయ్యి రాలేదు. చివరికి పలకను రెండుగా విడగొట్టాను. ఫిట్టింగుల మరలన్నీ ఉండే వెనక సగం ఇకనుంచి నల్లటి అసిటాల్ ప్లాస్టిక్‌తో ఉంటుంది. అది గట్టిది, ఆల్కహాల్‌కు పగలదు. నీటి దారులు కనిపించే ముందు సగం మాత్రం కాస్ట్ అక్రిలిక్, అదీ ఓవెన్ చూశాకే. మధ్యలో గాడిలో రబ్బరు రింగు. అసిటాల్ వేడికి అక్రిలిక్ కంటే కొంచెం ఎక్కువ సాగుతుంది కాబట్టి ముందు పలకలో స్క్రూ రంధ్రాలు కాస్త వదులుగా తీస్తున్నాం. నల్ల పలక రావడంతో వెనకనుంచి లైటు రాదు. ఆ వెలుగే మా కేస్‌కు గుర్తు అని మీలో కొందరు అనేవారు. లైటును అంచులనుంచి పంపి చూశాం. బాగుంది, కానీ ఆ పాత వెలుగు కాదు. నాకింకా మనసు ఒప్పలేదు, అయినా ఇలాగే చేస్తున్నాం.

మీ విషయానికొస్తే, ఈ నంబర్లున్న 23 ప్లేట్లూ పగుళ్లున్నా లేకపోయినా మా ఖర్చుతో మారుస్తాం. బాగున్నవాటిని కదిలించి జనాన్ని భయపెట్టడం ఎందుకని ఒకరిద్దరన్నారు. పగుళ్లు దొరికిన ఆ ఐదూ బాగున్నట్టు కనిపించినవే కదా, నేను కూడా మొదట అలాగే అనుకున్నాను. లూపు ఖాళీ చేయడం అలవాటు లేకపోతే ముట్టుకోకండి, మనిషిని పంపిస్తాం. అంతవరకు ఫిట్టింగులు ఇంకో చుట్టు బిగించి చూద్దామనే ఆలోచన వద్దు. స్పిరిట్‌తోనో గ్లాస్ క్లీనర్‌తోనో తుడవొద్దు, తడిగుడ్డ చాలు. కొత్త ఆర్డర్లు ఈ 23 పూర్తయ్యేదాకా తీసుకోను.

31కి ముందు నంబర్లవారు కంగారు పడక్కర్లేదు. అవి పాత స్టాకు షీట్లు. అయినా అనుమానం ఉంటే నంబరు ఎంత తెల్లగా పడిందో ఫోటో తీసి పంపండి, చూసి చెబుతాను. ఫ్లాష్ మాత్రం ఆపి తీయండి. ఫ్లాష్ వెలుగులో రెండు రకాలూ తెల్లగానే కనిపిస్తాయి.