మీ బాకీకి మా చెల్లి సర్టిఫికెట్లు తాకట్టా?

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ ఉన్నత విద్యాశాఖ మంత్రిగారికి, బెంగళూరు మారతహళ్ళి నుంచి నమస్కారాలు.

ప్రభుత్వం వేయని ఫీజుకి కాలేజీ వాళ్ళు ఆపిన మా చెల్లి సర్టిఫికెట్ల గురించి మీకు మా ఇంటి నుంచి వస్తున్న నాలుగో కాగితం ఇది. మొదటి రెండూ అర్జీలు తీసుకునే సోమవారం గ్రీవెన్స్‌లో మా అమ్మ క్యూలో నిలబడి ఇచ్చింది. మూడోది నేను రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. అందినట్టు సంతకం పెట్టిన చీటీ నా పర్సులోనే ఉంది. ఆ సంతకం ఎవరిదో చదవడానికి రావడం లేదు గానీ చాలా అందంగా ఉంది. జవాబు మాత్రం రాలేదు. అందుకే ఈ నాలుగోది నలుగురూ చదివేటట్టు రాస్తున్నాను. కోపగించుకోవద్దని మనవి.

నా గురించి ఒక్క ముక్క. 2015లో బీఎస్సీ కంప్యూటర్స్ పాసయ్యాను. ఇప్పుడిక్కడ ఒక పీజీలో, అంటే పేయింగ్ గెస్ట్ హాస్టల్లో, మేనేజర్ని. మేనేజర్ అంటే పెద్దగా ఊహించుకోకండి. నీళ్ళ ట్యాంకర్ రాకపోతే ఫోన్ చేసేది, ఇడ్లీ పిండి పులిసిపోతే తిట్లు తినేది, నెల మొదట్లో రెంట్ వసూలు చేసేది నేనే. తొంభై మంది పిల్లలుంటే డెబ్బై మంది మనవాళ్ళే. కడప, అనంతపురం, నంద్యాల, ఒంగోలు వైపు వాళ్ళు. సగానికి సగం ఉద్యోగం వెతుక్కుంటున్నవాళ్ళు. పొద్దున తొమ్మిదికి ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఫైలు చంకన పెట్టుకుని బయల్దేరతారు. సాయంత్రానికి చొక్కా నలిగిపోయి వస్తుంది, ఫైలు మాత్రం నలగదు. దాన్ని ఎవరూ తెరిచి చూడలేదని మాకు అర్థమైపోతుంది. ఆ రోజు వాళ్ళని రెంట్ అడగను.

మా చెల్లి సంగతికి వస్తాను. కరోనా బ్యాచ్. 2020లో ఎంసెట్ రాసి, మన ప్రాంతంలోనే ఒక ప్రైవేటు కాలేజీలో సీఎస్‌ఈలో చేరింది. 2024లో ఒక్క బ్యాక్‌లాగ్ లేకుండా బీటెక్ పూర్తి చేసింది. ఈ నాలుగేళ్ళలో ప్రభుత్వమిచ్చే ఫీజు రీయింబర్స్‌మెంట్ డబ్బు ఎన్ని దారులు తిరిగిందో మీకు తెలియనిది కాదు. ఒకసారి అమ్మ ఖాతాలో వేశారు. తర్వాత అమ్మకీ పిల్లకీ కలిపి జాయింట్ అకౌంట్ తీయమన్నారు. బ్యాంకు చుట్టూ తిరిగి తీశాం. ప్రభుత్వం మారాక ఇక నేరుగా కాలేజీకే అన్నారు. మంచిదే అనుకున్నాం. నిజం దాచను, అమ్మ ఖాతాలో పడిన ఒక విడత మా తాత ఆసుపత్రి ఖర్చుకి వాడేశాం. రెండు నెలల్లో అప్పు తెచ్చి కాలేజీకి కట్టేశాం కూడా. ఆ తప్పు మాది, ఒప్పుకుంటున్నాను. చివరి ఏడాది మూడు విడతలు మాత్రం మా ఖాతాకీ రాలేదు, కాలేజీకీ రాలేదు. మరి ఏ దారిలో ఆగాయో మీరే చెప్పాలి.

కాలేజీ వాళ్ళ మాట ఒకటే. డ్యూస్ కడితేనే పీసీ (ప్రొవిజనల్ సర్టిఫికెట్), సీఎంఎం (అన్ని మార్కులూ కలిపిన మెమో), టీసీ. మొత్తం 48 వేల చిల్లర. ప్రభుత్వం మాకు బాకీ, మీరు మాకు బాకీ అన్నారు. ఒరిజినల్స్ కాలేజీలు పట్టుకోకూడదని యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) 2016లోనే చెప్పిందని మా పీజీలో ఒక కుర్రాడు చూపిస్తే, దాన్ని ప్రింటు తీయించుకుని వెళ్ళాను. ఆఫీసులో ఆయన మొదటినుంచి చివరిదాకా చదివాడు, చక్కగా మడతపెట్టాడు, "బాగుంది, మీ దగ్గరే ఉంచుకోండి" అని తిరిగి ఇచ్చేశాడు. ఆయన్నీ ఏమనలేను సార్. వాళ్ళ లెక్చరర్లకి అయిదు నెలలుగా జీతాల్లేవని అక్కడి అటెండరే చెప్పాడు.

సర్టిఫికెట్లు లేకుండానే చెల్లి ఇక్కడికి వచ్చింది. పక్క సందులో లేడీస్ పీజీలో నలుగురి షేరింగ్. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సు చేసింది. ఏడాది పైన తిరిగింది. ఎన్ని అప్లికేషన్లు పెట్టిందో మొదట్లో నోట్‌బుక్‌లో రాసుకునేది, నాలుగు వందలు దాటాక రాయడం మానేసింది. వాక్-ఇన్ ఇంటర్వ్యూ అంటే కిలోమీటరు క్యూ. బెల్లందూరులో ఒకసారి పదిమంది కోసం పిలిస్తే రోడ్డు దాకా నిలబడ్డారు, మధ్యాహ్నానికి సెక్యూరిటీ అతను గేటు వేసేశాడు. కంపెనీలకీ మంచి రోజులు కావని నాకు తెలుసు. 2023-24లో టీసీఎస్‌లో 13 వేలమందికి పైగా, ఇన్ఫోసిస్‌లో దాదాపు 26 వేలమంది ఉద్యోగులు తగ్గారు. ఉన్నవాళ్ళే తగ్గుతుంటే ఫ్రెషర్ని ఎవరు పిలుస్తారు? దానికి మిమ్మల్ని అనడం లేదు. అది మీ చేతిలో లేదు.

మీ చేతిలో ఉన్నదాని గురించే ఈ లేఖ.

నిరుడు ఆగస్టులో ఒక చిన్న కంపెనీ మా చెల్లిని తీసుకుంది. కోతలు పోను చేతికి 21 వేలు. పెద్ద జీతం కాదు. మా సీనియర్లు పదేళ్ళ కింద చేరినప్పుడూ ఇంచుమించు ఇంతే, అప్పుడు పీజీ రెంట్ ఇప్పటి రెంట్‌లో సగం ఉండేది. అయినా ఆ రాత్రి మా వంటాయన తొంభైమందికీ సేమ్యా పాయసం చేశాడు. ఆఫర్ లెటర్‌లో చివరి పేజీలో ఒక వాక్యం ఉంది. చేరే రోజున ఒరిజినల్ పీసీ, సీఎంఎం చూపించాలి. చెల్లి ఆ హెచ్‌ఆర్ మేడమ్‌కి ఉన్నదున్నట్టు చెప్పుకుంది. పాపం ఆవిడ రెండుసార్లు గడువు పెంచింది. మొదటిసారి పదిహేను రోజులు, రెండోసారి పది. మూడోసారి మెయిల్‌కి జవాబు రాలేదు. ఆ సీటులో ఇంకెవరో కూర్చున్నారు.

ఆ ఇరవై అయిదు రోజుల్లోనే మా అమ్మ రెండుసార్లు గ్రీవెన్స్‌కి వచ్చింది. నేను పోస్టు పంపాను. కాలేజీకి మూడుసార్లు వెళ్ళాను. ఒకసారి ప్రిన్సిపాల్ గారు మీటింగ్‌లో ఉన్నారు, ఒకసారి అకౌంటెంట్ లీవు, ఒకసారి ఇద్దరూ ఉన్నారు, డబ్బే లేదు.

మీకొక విషయం చెప్పాలి. మీకు నచ్చకపోవచ్చు. మా పీజీ గేటు పక్కన కరెంటు స్తంభానికి ఒక ఫోన్ నంబర్ అంటించి ఉంటుంది. ఆ నంబర్‌కి ఫోన్ చేసి డబ్బు కడితే మూడేళ్ళ ఎక్స్‌పీరియన్స్ లెటర్, జీతం స్లిప్పులు, అన్నీ ఇస్తారు. రెండు రోజులు చాలట. దొంగ కాగితం రెండు రోజుల్లో దొరికే చోట, నాలుగేళ్ళు చదివిన పిల్లకి సొంత కాగితం ఏడాది దాటినా దొరకలేదు. చెల్లి ఒకరోజు ఆ స్తంభం దగ్గర ఆగి చూస్తుంటే నేను చూశాను. ఏమీ అనలేదు. ఏమని అంటాను? చదువు మీద నమ్మకం పెట్టుకో అనా?

చివరికి అమ్మ గాజులు బ్యాంకులో పెట్టి, చాలకపోతే రెండు రూపాయల వడ్డీకి తెచ్చి, నవంబరులో మొత్తం కట్టేశాం. కాలేజీ వాళ్ళు తెల్లకాగితం మీద రసీదు రాసిచ్చారు. స్టాంపు లేదు. ప్రభుత్వం వేశాక మీ డబ్బు మీకు ఇచ్చేస్తామని నోటిమాట. సర్టిఫికెట్లు చేతికొచ్చిన మర్నాడు నా ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, "మీ అర్జీ పరిష్కరించబడినది" అని. ఎవరు పరిష్కరించారు సార్? మా అమ్మ గాజులు పరిష్కరించాయి. ఆ లెక్క కూడా మీ ఖాతాలోనే పడింది. పరిష్కారమైన అర్జీల శాతం చదివేటప్పుడు అందులో మాది ఒకటి ఉందని దయచేసి గుర్తుంచుకోండి.

ఇక్కడి పిల్లల్ని చూస్తే కొంచెం కుళ్ళు కూడా పుడుతుంది. మా పీజీలో పనిచేసే కన్నడ అక్క కొడుక్కి కర్ణాటక ప్రభుత్వ నిరుద్యోగ భృతి యువనిధి కింద నెలకు 3,000 వచ్చింది. 2024 జనవరిలో మొదలైన పథకం. డిగ్రీ వాళ్ళకి 3,000, డిప్లొమా వాళ్ళకి 1,500, రెండేళ్ళ దాకా. మనవాళ్ళు ఇక్కడ చదవలేదు కాబట్టి వర్తించదు, న్యాయమే. కానీ అదే 3,000 మన ఎన్నికల్లోనూ విన్నాం కదా. 20 లక్షల ఉద్యోగాలు, అవి వచ్చేదాకా నెలకు 3,000 భృతి. 2018లో మొదలైన మన నిరుద్యోగ భృతి యువనేస్తం వెయ్యి రూపాయలు నా ఖాతాలో నాలుగు నెలలు పడింది. కాబట్టి మాటలన్నీ నీటిమీద రాతలే అనను. ఈసారిది చెల్లి ఖాతాలో ఇంకా పడలేదు, అంతే. భృతి తర్వాత చూడండి. మా 48 వేలు ముందు చూడండి.

మొన్న రాత్రి భోజనాల దగ్గర ఒక కుర్రాడు 2024 నాటి ఇండియా ఎంప్లాయ్‌మెంట్ రిపోర్టులో అంకెలు చదివి వినిపించాడు. చదవను రాయను రాని యువతలో నిరుద్యోగం 3.4 శాతం, డిగ్రీ చదివినవాళ్ళలో 29.1 శాతమట. మా వంటాయన గరిటె పట్టుకునే నవ్వాడు, "నేను ఆ మొదటి లెక్కలోవాణ్ణి చూడు తమ్ముడూ" అని. అందరూ నవ్వారు. నాకు మాత్రం అది చదువురానివాళ్ళకి పనులు పిలిచి ఇస్తున్నారన్న లెక్కలా అనిపించలేదు. ఖాళీగా కూర్చునే స్తోమత వాళ్ళకి లేదు. మా చెల్లి లాంటివాళ్ళు కూర్చోగలుగుతున్నారంటే వెనక ఒక అమ్మ గాజులో, ఒక అన్న జీతమో ఉన్నాయి. అవి అయిపోయాక వీళ్ళూ ఆ 3.4 వైపుకే జరుగుతారు. మా పీజీలో రిసెప్షన్‌లో రాత్రిపూట కూర్చునే అబ్బాయి ఎంటెక్.

అయ్యా, పెద్ద పెద్ద కోరికలు లేవు. మా బాకీ కాలేజీకి వేయండి. వేసిన రోజున పిల్లలకి కూడా ఒక మెసేజ్ పంపండి, లేకపోతే ఆ డబ్బు మాకు తిరిగి వస్తుందని ఎవరు నమ్మాలి? మీరిచ్చేది ఆలస్యమైతే అవ్వనీయండి, ఆ కాగితాలు మాత్రం పిల్లల చేతికి ఇప్పించండి. మా పీజీలో ఇంకా పదకొండు మంది కాగితాలు కాలేజీ బీరువాల్లోనే ఉన్నాయి. వాళ్ళలో ఇద్దరికి వచ్చే నెల ఇంటర్వ్యూలున్నాయి. ఈసారి ఉద్యోగం వస్తుందేమోనని వాళ్ళకి భయం. వస్తే ఏం చూపించాలి అన్న టెన్షన్ రాకపోతే అన్న దానికంటే ఎక్కువైపోయింది. ఆ కాగితాలు ఇప్పించండి సార్.

చెల్లి ప్రస్తుతం బట్టల షాపులో బిల్లింగ్ దగ్గర కూర్చుంటోంది. ఫైలు నా గదిలో ఉంది. ఇప్పుడు అందులో అన్ని ఒరిజినల్సూ ఉన్నాయి.

వచ్చే సోమవారం మా అమ్మ మళ్ళీ గ్రీవెన్స్‌కి వస్తుంది. తెల్లకాగితం రసీదు జిరాక్సు, ఈ లేఖ ప్రింటు కూడా తెస్తుంది. డబ్బు సంగతి ఆలస్యమైనా ఫరవాలేదు గానీ, ఆమెకి మోకాళ్ళ నొప్పులు. క్యూ దగ్గర ఒక కుర్చీ వేయించగలరు.

ఇట్లు,
ఒక అన్న,
మారతహళ్ళి, బెంగళూరు