పికప్ మైలేజీ ఖాళీ బండిది కాదు, లోడుతో ఎంతో రాయండి

సంపాదకుల గారికి నమస్కారం.

పేపర్లో బండ్ల పేజీ నేను వదలకుండా చదువుతాను. కానీ పికప్ ట్రక్కుల గురించి ఎప్పుడు రాసినా కంపెనీ చెప్పిన మైలేజీ, లీటరు రేటు పక్కపక్కన పెట్టేసి డీజిల్ మేలనో పెట్రోల్ మేలనో తేల్చేస్తున్నారు. ఆ మైలేజీ ఖాళీ బండిదండీ, వెనక ట్రైలర్ తగిలించాక దానితో ఏ లెక్కా కుదరదు.

ఒక లెక్క చూడండి. ఖాళీగా పెట్రోల్ బండి లీటరుకి 9, డీజిల్ 11 ఇస్తాయి అనుకుందాం. 1000 కిలోమీటర్లకి 111 లీటర్లు, 91 లీటర్లు, అంటే తేడా 20 లీటర్లే. అదే బరువైన ట్రైలర్ కట్టాక పెట్రోల్ 4కి, డీజిల్ 5.5కి పడిపోయాయి అనుకుంటే 250 లీటర్లు, 182 లీటర్లు, తేడా 68 లీటర్లు అయిపోయింది! డీజిల్ బండికి ముందు కట్టిన ఎక్కువ డబ్బు వెనక్కి రావాలంటే ఈ రెండో లెక్కలోనే రావాలి, కాబట్టి ఏడాదిలో ఎన్ని కిలోమీటర్లు లోడుతో తిరుగుతాం అన్నదే అసలు ప్రశ్న, అది అడగకుండా సలహా ఇస్తే ఎలా?

తేడా ఎందుకొస్తుందో కూడా రాస్తే బాగుంటుంది. లీటరు డీజిల్లో పెట్రోల్ కన్నా సుమారు 10 శాతం పైనే శక్తి ఎక్కువ ఉంటుంది, పైగా డీజిల్ ఇంజన్ గాలిని ఇంకా గట్టిగా నొక్కి, స్పార్క్ ప్లగ్ లేకుండా ఆ వేడికే ఇంధనాన్ని మండిస్తుంది, అందుకే అదే పని తక్కువ ఇంధనంతో చేస్తుంది. టార్క్, అంటే ఇంజన్ తిప్పే బలం, 2000 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) లోపే వచ్చేస్తుంది. కొండ ఎక్కేటప్పుడు ఇది బాగా తెలుస్తుంది, పెట్రోల్ బండి రెండు గేర్లు దించి 4000 పైన అరుస్తూ ఎక్కుతుంటే డీజిల్ పెద్దగా రేసు ఇవ్వకుండానే లాక్కుపోతుంది. టర్బో (ఇంజన్లోకి గాలిని బలంగా నెట్టే పరికరం) లేని పెట్రోల్ ఇంజన్ అయితే ఎత్తు పెరిగే కొద్దీ ప్రతి 1000 మీటర్లకి సుమారు 10 శాతం పవర్ పోగొట్టుకుంటుంది కూడా. దిగేటప్పుడు సంగతి ఇంకా ముఖ్యం, చాలా పెద్ద డీజిల్ పికప్‌లలో ఎగ్జాస్ట్ బ్రేక్ ఉంటుంది, అది పొగ బయటికి పోకుండా అడ్డుపడి ఇంజన్‌తోనే బండిని పట్టి ఉంచుతుంది, బ్రేకులు కాలిన వాసన వచ్చే దాకా పోదు. నా మటుకు నాకు మైలేజీ కన్నా ఇదే పెద్ద లాభం.

అలాగని అందరూ డీజిల్ కొనమని నేను అనను. రోజూ నాలుగైదు కిలోమీటర్లు తిరిగి ఆపేసే వాళ్ళకి డీజిల్ తలనొప్పి. పొగలో మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టర్ ఉంటుంది కదా, అది సుమారు 600 డిగ్రీల వేడి పుట్టించి ఆ మసిని కాల్చుకోవాలి, మధ్యలో ఇంజన్ ఆపేస్తూ ఉంటే మసి పేరుకుపోయి డాష్‌బోర్డు మీద లైటు వెలుగుతుంది, తర్వాత బండి పవర్ తగ్గించేసుకుంటుంది. దానికి తోడు పొగలోని విష వాయువుల్ని తగ్గించడానికి 32.5 శాతం యూరియా ఉన్న డెఫ్ ద్రావణం పోస్తూ ఉండాలి, ఆ ఖర్చు ఎవరూ లెక్కలో వెయ్యట్లేదు. ఫిల్టర్లు, ఇంజెక్టర్ల రిపేరు కూడా పెట్రోల్ కన్నా ఖరీదే. ఎప్పుడో ఒకసారి చిన్న ట్రైలర్ లాగేవాళ్ళకి పెట్రోలే చాలు.

ఇంకో రెండు విషయాలు ఎక్కడా కనపడవు. 3000 కిలోల ట్రైలర్ అంటే హిచ్ (బండికి ట్రైలర్ తగిలించే కొక్కెం) మీద 10 నుంచి 15 శాతం, అంటే 300 నుంచి 450 కిలోలు దిగుతుంది, అది బండి పేలోడ్, అంటే బండి మొయ్యగల బరువు, దాంట్లోంచే పోతుంది. డీజిల్ ఇంజన్ బరువెక్కువ కాబట్టి అదే మోడల్లో పేలోడ్ మామూలుగా డీజిల్‌కే తక్కువ, మనుషులు ఎక్కి సామాను వేసేసరికి హద్దు దాటేస్తుంది. రెండోది స్పీడు. ఎత్తైన డబ్బా ట్రైలర్‌తో 80 నుంచి 100కి పెంచితే గాలి అడ్డు 50 శాతం పైనే పెరుగుతుంది, అప్పుడు ఏ ఇంధనమైనా తాగేస్తుంది.

కాబట్టి ఇకమీదట పికప్ రివ్యూ వేసేటప్పుడు ట్రైలర్ ఎంత బరువు, ఎంత స్పీడు, లోడుతో లీటరుకి ఎన్ని కిలోమీటర్లు, డెఫ్ ఎంత తాగింది, పేలోడ్ ఎంత మిగిలింది, ఈ ఐదూ దయచేసి వేయండి.

ఇట్లు,
మీ పాఠకుడు